ముగ్గురు పసిపిల్లలకు ఒక మనిషి

ఇంగ్లండ్‌లో చిన్నపిల్లల నర్సరీలో పనిచేస్తున్నానంటే మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఎమ్మెస్సీ చదివి డైపర్లు మార్చడమేంటమ్మా?" అవును, మారుస్తాను. ప్రతిసారీ కొత్త గ్లవ్స్ వేసుకుని, మార్చిన టైము రాసిపెట్టి మరీ మారుస్తాను. రెడింగ్‌లో ఒక నర్సరీ, రెండేళ్లలోపు పిల్లలుండే బేబీ రూమ్ నాది.

ఇక్కడి రూల్స్‌లో నేను చెయ్యెత్తి మొక్కేది ఒకటుంది. రెండేళ్లలోపు పిల్లలైతే ముగ్గురికి ఒక మనిషి ఉండి తీరాలి. నాలుగో బిడ్డ వచ్చిందంటే రెండో మనిషి రావాల్సిందే. రెండేళ్లు నిండినవాళ్లకు ఇదివరకు నలుగురికి ఒకరు. 2023 సెప్టెంబరు నుంచి ఐదుగురికి ఒకరు చాలన్నారు. అది నాకు అస్సలు నచ్చలేదు. ఆ వయసు పిల్లల్ని ఐదుగురిని ఒక్కరే కూర్చోబెట్టి అన్నం తినిపిస్తే తెలుస్తుంది. ద్రాక్షపండ్లు నిలువునా చీల్చే పెడతాం, అయినా చూపు పక్కకు తిప్పలేం. గొంతుకు అడ్డం పడితే బిడ్డ ఏడవను కూడా ఏడవలేదు.

మధ్యాహ్నం నిద్రవేళ ఇంకా టెన్షన్. వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్కలో దిండు, మెత్తటి బొమ్మ ఏదీ ఉండకూడదు. మా దగ్గర పది నిమిషాలకోసారి ఒక్కొక్కరి మీదికీ వంగి, ఛాతీ లేచి పడుతోందా అని చూస్తాం, మెడ వెనక చెయ్యి పెట్టి ఒళ్లు వేడెక్కిందేమో చూస్తాం, చార్టులో టైము వేసి సంతకం పెడతాం. 1991లో ఈ దేశంలో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారమే నడిచింది. ఆ తర్వాత నిద్రలోనే పసిపిల్లలు పోవడం బాగా తగ్గింది.

గుంటూరు దగ్గర మా పిన్ని అంగన్‌వాడీ టీచర్. ఈ లెక్క చెబితే "ముగ్గురికి ఒకరా! మాకు ఊరి పిల్లలందరికీ నేనూ ఆయా" అంది. గుడ్లు, పాలు పంచాలి, బరువులు తూయాలి, గర్భిణుల వివరాలు రాయాలి, ఫోన్‌లో యాప్ నింపాలి. 1975లో మొదలైన పథకం, ఎందరో తల్లులు దాన్ని నమ్ముకునే పనికి వెళ్తున్నారు. ఆవిడకు ఓపిక లేక కాదు, చేతులు చాలక.

ఇక్కడ చేతులు లెక్క ప్రకారం ఉన్నాయి, అవి నిలవడమే కష్టం. ప్రతి బిడ్డకూ కీ పర్సన్ అని ఒకరుండాలి. పాలు పట్టడం, నిద్రపుచ్చడం, సాయంత్రం తల్లికి అప్పగించి రోజంతా ఎలా గడిచిందో చెప్పడం చాలావరకు ఆ మనిషే. కానీ జీతం కనీస వేతనానికి కాస్త అటూఇటూ. మొన్న మాతో పనిచేసే అమ్మాయి సూపర్‌మార్కెట్‌లో ఎక్కువిస్తున్నారని వెళ్లిపోయింది. ఆమెకు అలవాటైన పది నెలల పాప ఇప్పుడు నా దగ్గరికొచ్చింది, సీసా ఇంకా సరిగ్గా పట్టడం లేదు. మేనేజరుకు చెప్పాను, జీతం పెంచకపోతే ఇంకొకరు కూడా వెళ్తారని.