మధ్యాహ్నం మూడింటికి ఇల్లంతా నిద్రపోతుంది

కువైట్‌లో ఇంటి డ్రైవర్ పనంటే నడిపేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. స్కూలు గేటు ముందు కూర్చోవాలి. జమియా ముందు కూర్చోవాలి. మామా వాళ్ల చెల్లెలి ఇంటి ముందు రాత్రి పన్నెండు దాకా కూర్చోవాలి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, యజమానురాలిని ఇక్కడ మామా అంటాం, యజమానిని బాబా అంటాం. జమియా అంటే పేటపేటకీ ఉండే సహకార సూపర్‌మార్కెట్.

వచ్చే ముందు మా ఆవిడ అంది, "మీకేమండీ, ఏసీ కారులో కూర్చుని హాయిగా వాక్యం చదువుకోవచ్చు" అని. నేనూ అదే అనుకున్నాను. డ్యాష్‌బోర్డు అరలో పట్టేలా బైబిల్లోని కొత్త నిబంధన భాగం చిన్న పుస్తకంగా కొనుక్కుని మరీ విమానం ఎక్కాను. 260 అధ్యాయాలు, రోజుకు మూడు చదివినా ఏడాదికి నాలుగుసార్లు పూర్తవుతుందని లెక్క కూడా వేశాను. ఆరేళ్లయింది. రిబ్బను ఇంకా లూకా సువార్తలోనే ఉంది.

బద్ధకం అనుకునేరు. సంగతి అది కాదు. ఎప్పుడు పిలుస్తారో తెలియని ఖాళీ ఉంటుంది చూడండి, అది తీరిక కాదు. కన్ను గేటు మీద, చెవి ఫోను మీద ఉంటాయి. పేజీ తిప్పాక ఏం చదివానో గుర్తుండదు. వేసవిలో బయట నలభై ఎనిమిది డిగ్రీలు, లోపల ఏసీ హోరు, వెనక కారువాడి హారన్. ప్రార్థన మొదలుపెడితే "ప్రభువా" అన్నాక రెండో మాట వచ్చేలోపు ఫోను మోగుతుంది. "యాల్లా, తాల్!" పదమంటుంది, రమ్మంటుంది మామా.

ఇంటి పనివాళ్లకు వారానికో రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదు అని 2015లో ఇక్కడ చట్టం వచ్చింది. కాగితం మీద బాగానే ఉంది. నాకు దొరికేది నెలకు రెండు శుక్రవారాలు, అదీ మధ్యాహ్నం లోపు. శుక్రవారం భోజనానికి మామా పుట్టింటికి అందరూ వెళ్లాలి, తీసుకెళ్లేది నేనే.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మన ఆదివారం కూడా శుక్రవారమే. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి కాంపౌండులో ఆ రోజు నడుస్తుంటే ఒక హాల్లోంచి మలయాళం పాట, పక్క హాల్లోంచి ఇంకేదో భాష వినబడుతుంది. అన్ని భాషల సంఘాలు గంటల వంతున హాళ్లు పంచుకుంటాయి. మన వంతు కాగానే లేచిపోవాలి. మోకరించి కాసేపు అలాగే ఉండిపోదామంటే కుదరదు, గుమ్మంలో వేరేవాళ్లు కీబోర్డు పట్టుకుని నిలబడి ఉంటారు. పాపం వాళ్లకూ బస్సు టైమే.

ఆ కొరత తీర్చుకోవడానికి మాలో కొందరం ఫోన్‌లో ప్రార్థన పెట్టుకున్నాం. ఇంటి పనిచేసే అక్కచెల్లెళ్లకు గిన్నెలు తోమడం అయ్యేది రాత్రి పదింటికి, కాబట్టి పదిన్నరకు మొదలు. అరగంట అనుకున్నది గంటన్నర అయ్యేది. అకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, దాని సమస్య ఒకరిది, జీతం రాలేదని ఒకరు, ఊళ్లో కూతురి పెళ్లి ఆగిందని ఇంకొకరు. ఎవర్ని ఆపుతాం? తర్వాత బుధవారం ఉపవాసం చేర్చారు. తర్వాత నెలకో రాత్రి తెల్లవార్లూ ప్రార్థన. పేర్లు రాసుకుని అందరికీ మెసేజ్ పెట్టే బాధ్యత నాకిచ్చారు. కాదనలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

ఒక మే నెల పొద్దున మిష్రిఫ్‌లో సిగ్నల్ దగ్గర ఆగాను. ముందు రాత్రి పడుకునేసరికి ఒంటిగంటన్నర. ఐదింటికే లేచి, కారు మీద పడ్డ దుమ్మంతా కడిగి, పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరాను. ఎర్రలైటు చూడటం గుర్తుంది. తర్వాత గుర్తున్నది నా భుజం మీద చిన్న చెయ్యి. వెనక సీటులో ఏడేళ్ల పిల్ల బెల్టు విప్పుకుని ముందుకు వంగి తడుతోంది. పచ్చలైటు పడిందట. వెనకాల హారన్లు. నా కాలు బ్రేకు మీదే ఉంది, దేవుడి దయ. ఆ పిల్ల మామాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఆ రాత్రి గ్రూపు పెద్దకు ఫోన్ చేసి, "బ్రదర్, ఇక నావల్ల కాదండి, వారానికి ఒక్క రోజే వస్తాను" అన్నాను. ఆయన మంచివాడే. కానీ "నిద్రమత్తు రూపంలోనే అపవాది వస్తాడు బ్రదర్" అన్నాడు. అపవాది అంటే సైతాను. రెండు రోజులు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మూడో రోజు సల్వాలో వంటపని చేసే అక్కతో చెప్పుకుంటే గట్టిగా నవ్వింది. "ఒరే తమ్ముడూ, నేను మ్యూట్‌లో పెట్టి ఎప్పుడో నిద్రపోతున్నానురా. ఆమెన్లకు మెలకువ వస్తే వచ్చినట్టు" అంది.

బైబిల్లో ఏలీయా ప్రవక్త కథ చిన్నప్పటి నుంచీ విన్నదే. బదరీ చెట్టు కింద పడిపోయి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దూత వచ్చి ఏం చేశాడు? ప్రార్థన చెయ్యమనలేదు. లేపి రొట్టె తినమన్నాడు, నీళ్లు తాగమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే తిట్టలేదు, రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. మాట్లాడటం తర్వాతెప్పుడో, నలభై రోజులు నడిచి కొండ చేరాక. ఈ ముక్క మీద ఎవరూ ప్రసంగం చెయ్యగా నేను వినలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. మాది నరసాపురం దగ్గర ఊరు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ కుటుంబాల పనితో మా వైపు నిలబడిన బ్రదరన్ అనే క్రైస్తవ సంఘాల్లో మాదొకటి. రొట్టె విరిచే ఆరాధనలో ఒకరి ప్రార్థనకూ ఇంకొకరి ప్రార్థనకూ మధ్య ఎవరూ మాట్లాడరు. ఎవరికి ప్రేరణ వస్తే వాళ్లు లేచి పాట నంబరు చెప్పేదాకా అంతా తలలు వంచుకుని కూర్చునేవాళ్లు. చాప గరుకు మోకాలికి గుచ్చుకునేది, బయట కాలవలో బాతుల అరుపులు వినబడేవి. చిన్నప్పుడు అది నాకు పరమ విసుగు. ఇప్పుడు ఆ రెండు నిమిషాల కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

ఈ ఇంట్లో అలాంటి వేళ ఒక్కటే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడింటి నుంచి ఐదు దాకా అందరూ నిద్రపోతారు. ఇంతకుముందు ఆ రెండు గంటలూ వీడియోలు చూసేవాణ్ణి, లేకపోతే గ్రూపు మెసేజ్‌లకు జవాబులు రాసేవాణ్ణి. ఇప్పుడు గేటు పక్కన నా గదిలోకెళ్లి ముందు గంట సేపు నిద్రపోతాను, సిగ్గుపడకుండా. తర్వాత ముఖం కడుక్కుని మంచం అంచున కూర్చుంటాను. ఫోను పూర్తిగా ఆపే అదృష్టం మాకు లేదు కాబట్టి మామా నంబరు ఒక్కటే మోగేలా పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులో పడేస్తాను. ఏమీ అడగను. కరువు తీరా అడగడం రాత్రుళ్లు ఎలాగూ అయింది. మొదటి ఐదు నిమిషాలూ బుర్రలో పెట్రోలు బిల్లు, కొడుకు ఫీజు, టైర్లలో గాలి తిరుగుతూనే ఉంటాయి. ఆ తర్వాత ఏసీ చప్పుడొక్కటే మిగులుతుంది.

నిన్న కూడా అలాగే కూర్చున్నాను. ఏసీ చప్పుడు కూడా వినబడటం మానేసిన వేళకు చెప్పులో ఫోను మోగింది. ఇంట్లో రొట్టెలు అయిపోయాయట, జమియాకు వెళ్లి తెమ్మంది మామా.