తొమ్మిదో తరగతి బి సెక్షన్ వారి మోర్టల్ కాంబాట్ - 2

మోర్టల్ కాంబాట్ సినిమాకి రెండో భాగాలు రెండున్నాయి. ఒకటి 1997 నవంబరులో అమెరికాలో విడుదలై, చూసినవాళ్లందరి చేతా తిట్లు తిన్నది. రెండోది 1999లో మన తెనాలిలో, మన స్కూల్లో, సోషల్ నోట్సు కోసం కొన్న లాంగ్ నోట్‌బుక్కులో తయారైంది. ఈ వ్యాసం రెండోదాని గురించి. మొదటిదాన్ని తిట్టకుండా దీని గురించి చెప్పడం కుదరదు కాబట్టి అదీ ఉంటుంది.

మన తర్వాతి బ్యాచ్‌ల వాళ్లకి కాస్త వెనక కథ చెప్పాలి. మోర్టల్ కాంబాట్ అనేది 1992లో మిడ్‌వే కంపెనీలో ఎడ్ బూన్, జాన్ టొబయాస్ కలిసి చేసిన ఫైటింగ్ గేమ్. అందులో నెత్తురు ఎంత ధారాళంగా పారేదంటే, మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికా సెనేటర్లు కూర్చుని దాని మీద విచారణ జరిపారు. గేమ్‌ల మీద వయసు రేటింగులు వేయడం ఆ గొడవ తర్వాతే మొదలైంది. 1995లో పాల్ ఆండర్సన్ దాన్ని సినిమాగా తీశాడు. మన లోకల్ కేబుల్ అతను రాత్రిళ్లు వీసీడీలు వేసేవాడు కదా, మేం చూసింది అందులోనే. డైలాగులు సగం అర్థం కాలేదు, కథ మాత్రం పూర్తిగా అర్థమైంది. అవుట్‌వరల్డ్ అనే వేరే లోకం వాళ్లు వరసగా పది టోర్నమెంట్లు గెలిస్తే భూమి వాళ్లదవుతుంది. తొమ్మిది గెలిచేశారు, ఇది పదోది. ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి? నాలుగు చేతుల గోరోని చూశాక మన పీఈటీ సారుకి ఆ పేరు స్థిరపడిపోయింది. ఒకేసారి నలుగురి చెవులు పట్టుకోగలిగిన మనిషి మరి.

ఆ సినిమా చివర్లో అందరూ గుడి ముందు సంతోషంగా ఉండగా, ఆ వేరే లోకపు చక్రవర్తి షావ్ కాన్ ఆకాశమంత ఎత్తున ప్రత్యక్షమవుతాడు. అక్కడే ఆపేశారు. రెండో భాగం కోసం మేం ఎంత ఎదురుచూశామో, చూశాక అంత నీరసపడ్డాం. భూమి తరఫున పోరాడిన సినిమా హీరో జానీ కేజ్‌ని మొదటి కొద్ది నిమిషాల్లోనే చంపేశారు. అదీ పాత నటుణ్ణి కాదు, అప్పుడే తెచ్చిన కొత్త మొహాన్ని. ఉరుముల దేవుడు రైడెన్‌గా వేసినవాడు మారిపోయాడు, భూమి తరఫున పోరాడే సోన్యాగా వేసినామె మారిపోయింది. గేమ్‌లో ఉన్న ప్రతి పాత్రకీ ఒక ఫైటు ఇవ్వాలని చూశారు. ఆకులో ఇరవై రకాలు వడ్డించి, చెయ్యి పెట్టేలోపే ఆకు ఎత్తేసినట్టుంది. చివర్లో రైడెన్, షావ్ కాన్ అన్నదమ్ములని తేలుతుంది! మన పాత సినిమాల్లో అయితే కనీసం ఒక పుట్టుమచ్చో, లాకెట్టో, చిన్నప్పటి పాటో ఉండేది.

రెండో భాగం మేమే రాసుకుందామని మరుసటి రోజు లంచ్ బెల్లులోనే నోట్‌బుక్కు తెరిచాం. మొదటి షరతు: కేజ్ చావకూడదు. దీనికి దారి చూపించింది కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే అన్నయ్య ఉన్న మన మూడో బెంచీవాడు. 1996లో వచ్చిన ట్రిలజీ గేమ్‌లో కేజ్ నిజంగానే చచ్చిపోయి ఉంటాడట. కానీ షావ్ కాన్ లోకాలని కలిపేస్తున్నందువల్ల వాడి ఆత్మ స్వర్గానికి వెళ్లలేక వెనక్కి వస్తుందట. మాకు ఇంకేం కావాలి? కేజ్‌ని మొదట్లో చంపేసి, సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర లేపాం. హాలీవుడ్ వాళ్ల చేతిలో ఆ గేమ్ కథ ఉండి కూడా వాడుకోలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత నోట్‌బుక్కు పట్టుబడింది. ఫిజికల్ సైన్స్ పీరియడ్‌లో దొరికి, స్టాఫ్ రూములో చేతులు మారి తెలుగు మాస్టారి దగ్గరికి చేరింది. దెబ్బలు ఖాయమనుకున్నాం. ఆయన వారం తర్వాత ఎర్ర సిరాతో దిద్ది ఇచ్చారు. రైడెన్ నోట మనవాడొకడు పెట్టిన తేటగీతిలో గణాలు సరిచేశారు. మూడో పాదం కింద 'యతి?' అని రాశారు. యుద్ధం మొదలయ్యే పేజీ పక్కన ఒకే ఒక్క ప్రశ్న: 'రాయబారం ఏదిరా?'

కథ మారింది అక్కడే. పద్యనాటకాల ఊళ్లో పుట్టి రాయబారం లేని యుద్ధం రాయడమేమిటి? ఆ సీను అమ్మాయిలు రాస్తామన్నారు. షావ్ కాన్ భూమి మీదకి రావడానికి వాడుకున్నది భూమి వైపు నిలబడ్డ యువరాణి కిటానా తల్లి సిండెల్‌ని. చనిపోయిన రాణిని మన లోకంలో బతికించి, ఆ సాకుతో వచ్చాడు. సినిమాలో తల్లీ కూతుళ్లు ఎదురుపడితే తన్నుకోవడమే. మా దాంట్లో కిటానా ఆయుధం లేకుండా సభకి వెళ్తుంది. టోర్నమెంటు నియమం ప్రకారం గెలిచింది మేమే, మాట నిలబెట్టుకోమని అడుగుతుంది. సింహాసనం పక్కన కూర్చున్న సిండెల్ కూతుర్ని గుర్తుపట్టదు. నోట్‌బుక్కులో పదమూడు పేజీలు ఒక్క ఫైటు లేకుండా నడిచాయి, ఒక్కడూ విసుక్కోలేదు.

అసలు సినిమా ఎందుకలా తయారైందో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. డబ్బు లేక కాదు. మొదటిదానికి సుమారు 2 కోట్ల డాలర్లు పెడితే 12 కోట్లు దాటి వచ్చింది. రెండోదానికి 3 కోట్లు పెట్టారు, 5 కోట్ల పైచిలుకు వచ్చింది. ఆండర్సన్ వేరే సినిమాకి వెళ్లిపోయాడు. మొదటి భాగానికి కెమెరామన్‌గా చేసిన జాన్ లియోనెట్టి దర్శకుడయ్యాడు. ముఖ్య పాత్రల్లో పాతవాళ్లు హీరో లియూ కాంగ్‌గా వేసిన రాబిన్ షౌ, కిటానాగా వేసిన టలీసా సోటో మాత్రమే మిగిలారు. మొదటి సినిమాని విడుదలకి ముందు జనానికి చూపిస్తే ఫైట్లు చాల్లేదన్నారు. వెంటనే మళ్లీ షూటింగ్ పెట్టుకుని, కేజ్‌కీ స్కార్పియన్‌కీ మధ్య ఫైటు, లియూ కాంగ్‌కీ రెప్టైల్‌కీ మధ్య ఫైటు కలిపారు. ఆ ఓపిక రెండోసారి కనిపించదు. కొన్ని గ్రాఫిక్స్ సగంలో వదిలేసినట్టే ఉంటాయి, ముఖ్యంగా హీరో డ్రాగన్‌గా మారే చోట.

ఒకవేళ ఆండర్సన్ ఉండిపోయి, ఇంకో ఏడాది ఆగి, 1998లో ఆ సినిమా తీసి ఉంటే? మూడో భాగం కూడా తీసేవాళ్లేమో, ఆయన రెసిడెంట్ ఈవిల్ సినిమాల వైపు వెళ్లేవాడే కాదేమో. ఇంకో ముచ్చట: ఆ రెండో భాగంలో రాబిన్ షౌకి డూప్‌గా చేసినవాళ్లలో టోనీ జా ఉన్నాడు. 2003లో ఓంగ్ బాక్ అనే థాయ్ సినిమాతో ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసిన మనిషి. మూడో భాగంలో అతనికే ఒక వేషం ఇచ్చి ఉండేవాళ్లని నా ఊహ. ఊహే కదా, ఖర్చేముంది. చివరికి 2021లో ఆ సిరీస్‌ని కొత్తవాళ్లతో మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

మన నోట్‌బుక్కులో మాత్రం క్లైమాక్స్ తేలలేదు. షావ్ కాన్‌ని లియూ కాంగ్ చంపాలని అబ్బాయిలు ముందు పేజీల వైపు నుంచి రాశారు. కిటానాయే చంపాలని అమ్మాయిలు పుస్తకం తిరగేసి వెనక అట్ట నుంచి రాసుకొచ్చారు. రెండూ మధ్యలో కలిసే చోట పెద్ద గొడవైంది, పది రోజులు మాటల్లేవు. పాతికేళ్లు దాటాయి కాబట్టి నా ఓటు ఇప్పుడు బయటపెడుతున్నాను: అమ్మాయిలు రాసిందే కరెక్టు. తమ్ముణ్ణి చంపినవాడి మీద లియూ కాంగ్ పగ మొదటి భాగంలోనే తీరిపోయింది. తండ్రిని పోగొట్టుకున్నదీ, తల్లి గుర్తుపట్టకుండా పోయినదీ కిటానానే. అబ్బాయిల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే మన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో భోజనాల తర్వాత తేల్చుకుందాం.