పెదనాన్నగారి జీవితాన్ని పుస్తకంగా కూర్చిన నా అనుభవం

మా పెదనాన్నగారి తొలి సంవత్సరీకం నాటికి ఆయన జీవితం గురించి ఒక చిన్న పుస్తకం వేయించాలని ఇంట్లో అందరూ అనుకుని, రాసే పని నాకు అప్పగించారు. ఆయన ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మ ఏటికి దగ్గరలో ఉన్న మెట్ట పల్లెలో పుట్టి, జీవితమంతా ఒంగోలు జాతి పశువులను పెంచి, ఆ ఊళ్లోనే కన్నుమూసిన రైతు. పదవులు చేసినవారు కారు, సన్మానాలు అందుకున్నవారు కారు. అలాంటి మనిషి గురించి రాయబోయేవారికి ఉపయోగపడుతుందేమోనని, ఆ పని ఎలా సాగిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బంధువులందరినీ తలా ఒక పేజీ రాసి పంపమని అడిగాను. వచ్చిన కాగితాలన్నింటిలోనూ దాదాపు అవే మాటలు ఉన్నాయి: కష్టజీవి, దానశీలి, కుటుంబమే ప్రాణంగా బతికారు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ పేరు మార్చి చదివితే ఆ కాగితాలు ఏ ఊరి ఏ పెద్దమనిషికైనా సరిపోతాయి. అందుకని, జరిగిన సంగతి ఒకటి పక్కన లేకుండా ఏ పొగడ్తనూ పుస్తకంలోకి రానివ్వకూడదని నిశ్చయించుకున్నాను. ఈ నియమం వల్ల పని బాగా పెరిగినా, పుస్తకానికి ప్రాణం వచ్చింది దానివల్లనే.

నాకు దొరికిన మొదటి ఆధారం ఆయన ఈతల పుస్తకాలు. చావిడి గూట్లో గుడ్డలో చుట్టి ఉంచిన ఆ నోటు పుస్తకాలలో ఏ ఆవును ఏ ఆబోతుకు ఏ రోజున దాటించారో, అది ఎప్పుడు ఈనిందో, కోడె దూడో పెయ్య దూడో ఆయన చేతిరాతలో ఉంది. రెండు తేదీల మధ్య సుమారు 285 రోజులు ఉండాలి; తేడా ఎక్కువగా ఉన్నచోట పక్కన చిన్న చుక్క పెట్టేవారు. ఒక పేజీలో ఇలా ఉంది: "తెల్లవారుజామున ఈనింది. కోడె. మాయ పొద్దెక్కాక పడింది. జున్నుపాలు దూడ తాగినాకే పిండాలి." ఒంగోలు దూడలు చాలా వరకు గోధుమ ఎరుపు ఛాయతో పుట్టి, కొన్ని నెలలకు తెల్లబడతాయి, ఏ దూడ ఎన్నో నెలలో తెలుపు తిరిగిందో కూడా ఆయన రాసి పెట్టుకున్నారు. ఆ వరుసలు చదువుతూ ఉంటే, కష్టజీవి అని రాసి పంపినవారు చూసిన మనిషి నాకు మరింత దగ్గరగా కనిపించారు.

అయితే ఆ పుస్తకాలలో ఆయన తీసుకున్న అప్పుల వివరాలు ఉన్నాయి గాని, ఇచ్చినవాటి లెక్క ఎక్కడా లేదు. దానశీలి అన్న మాటకు ఆధారం ఇంట్లో దొరకదని అప్పుడు అర్థమైంది. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పెద్దవాళ్లను కలవడం మొదలుపెట్టాను. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడమ్మా" అని చేతులు జోడించి ఊరుకునేవారు. అది వారి గౌరవమే అయినా, రాసుకోవడానికి నాకు ఏమీ మిగిలేది కాదు. తరువాత ప్రశ్న మార్చి, "కరవు ఏడాది మీ గొడ్లకు మేత ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?" అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు మాట్లాడారు. ఒక ముసలాయన చెప్పిన మాట ఇది: "మీ పెదనాన్న చొప్ప వామి చూపించి, మోపులు లెక్కెట్టకుండా కట్టుకు పొమ్మన్నాడమ్మా. లెక్కెడితే అప్పవుద్ది, అప్పయితే రెండోసారి రావడానికి నీకు మొహం చెల్లదు అన్నాడు." పుస్తకాలలో లెక్క ఎందుకు లేదో ఆ మాటతో తెలిసింది.

ఆ చొప్ప వామి ఆయన దగ్గర ఎందుకు మిగిలి ఉందో కూడా పుస్తకంలో చెప్పవలసి వచ్చింది. మా ప్రాంతంలో జొన్న, సజ్జ పండే చేలలోకి పొగాకు వచ్చి, ఆ తరువాత జామాయిల్ తోటలు వచ్చి, మనిషి చేతికి డబ్బు వచ్చినా గొడ్డు నోటికి మేత రాని రోజులు మొదలయ్యాయి. దుక్కికి ట్రాక్టర్లు, పాలకు జెర్సీ సంకరజాతి ఆవులు వచ్చాక ఒంగోలు జాతిని మేపడం నష్టమని చాలామంది వదిలేశారు. పెదనాన్నగారు కూడా కొంత పొగాకు వేశారు, కానీ జొన్న చేను మాత్రం ఒక్క ఏడాది కూడా మానలేదు. చదలవాడ పశుక్షేత్రానికి వెళ్లి అక్కడి ఆబోతులను చూసి వచ్చి, తన కొట్టంలో పుట్టిన కోడెల మూపురాన్ని, గంగడోలును వాటితో పోల్చి చూసుకునేవారు. ఆయన పెంచిన ఆబోతు దగ్గరకు ఎవరు ఆవును తోలుకొచ్చినా రుసుము తీసుకోలేదని నాకు చెప్పినవారు నాలుగు ఊళ్లలో ఉన్నారు.

నెలోర్ పశువుల సంగతికి ఒక అధ్యాయం ఇవ్వాలని కొందరు పట్టుబట్టారు. నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో విస్తరించిన ఆ జాతికి మూలం మన ఒంగోలు పశువే. 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన ఆబోతుల్లో ఒకదాన్ని ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతోనే పిలిచారని పెదనాన్నగారు గర్వంగా చెప్పేవారు. అంతవరకే రాశాను. అది జాతి చరిత్ర. మేము రాస్తున్నది ఆ జాతిని నమ్ముకున్న ఒక మనిషి చరిత్ర.

చెప్పినవన్నీ సరిచూడటం అన్నిటికంటే కష్టమైన పని. తుఫాను బాధితుల పశువులకు ఆయన బండ్ల మీద చొప్ప తోలుకెళ్లారని అందరూ అంగీకరించారు గాని, అది 1977 ఉప్పెనలోనా, 1990 మే తుఫానులోనా అన్న దగ్గర అభిప్రాయాలు చీలిపోయాయి. చివరకు ఈతల పుస్తకమే తేల్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది; ఆ నెల చివర ఈనిన రెండు ఆవుల వివరాలు పెద్దమ్మ చేతిరాతలో ఉన్నాయి. మిగతా పుస్తకాలలో ఎక్కడా ఆమె రాత లేదు. చూపించి అడిగితే, "మీ పెదనాన్న రేపల్లె వైపు బండ్లతో పోయారు, ఈతలు నేనే రాసిపెట్టాను" అన్నారు.

సాయం పొందినవారి పేర్లు అచ్చువేయాలా వద్దా అన్న ప్రశ్న మమ్మల్ని చాలా కాలం వేధించింది. కూతురి పెళ్లికి పెదనాన్నగారు ఆదుకున్న ఒక కుటుంబం ఇప్పుడు బాగా స్థిరపడింది. ఆ ఇంటి కొడుకు అంతా వివరంగా చెప్పి, పేరు మాత్రం వద్దని మర్యాదగా కోరాడు. పేర్లు ఉంటేనే నిదర్శనంగా ఉంటుందని మా పెద్దన్నయ్య వాదించారు. లెక్క రాయని మనిషి పుస్తకంలో మనం లెక్క రాయడం ఆయనకు ఇష్టం ఉండదని పెద్దమ్మ చెప్పడంతో, సంగతులు ఉంచి పేర్లన్నీ తీసేశాము.

ఇచ్చినదాని గురించి ఆయన చేత్తో రాసినది నాకు ఒక్కటే కనిపించింది. మా నాన్నగారు చిన్నతనంలోనే పోవడంతో నన్నూ తమ్ముణ్ణీ పెంచింది పెదనాన్నగారే. బండలాగుడు పోటీలలో నాలుగు పళ్ల వయసు కోడెల విభాగానికి ఆయన ఉలవలు పెట్టి తయారుచేస్తున్న కోడెల జత నేను డిగ్రీలో చేరిన ఏడాది అమ్ముడుపోయింది. ఆ తేదీ దగ్గర "జత అమ్మకం. పిల్ల కాలేజీ." అని ఉంది. ఆ పేజీని అలాగే ఫొటో తీయించి పుస్తకంలో వేశాను.

అచ్చు పని ఒంగోలులోనే ఇబ్బంది లేకుండా అయిపోయింది. పోయినవారి పేరున ఆబోతును అచ్చువేసి ఊరికి వదిలే పాత ఆచారం గురించి ఆ రోజుల్లోనే ఇంట్లో చర్చ వచ్చింది. మంచి కోడెను ఎంచి వదలడం వల్లనే ఈ జాతి ఇన్ని తరాలు నిలిచింది. ఇప్పుడు ఊరి మీద వదిలితే దాన్ని చూసేవారు లేరు గనుక, ఆయన కొట్టంలో పుట్టిన కోడెను పశుపోషణ మీద ఇష్టమున్న ఒక యువరైతుకు ఇచ్చి, దాటించడానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదని ఒక్క షరతు పెట్టాము.

సంవత్సరీకం నాడు భోజనాల తరువాత పుస్తకాలు పంచాము. అప్పటికప్పుడే కొందరు వచ్చి అందులో లేని సంగతులు చెప్పారు. పక్క ఊళ్లో గాలికుంటు సోకినప్పుడు టీకాలు వేసేవారిని పెదనాన్నగారు తన బండిలో ఇంటింటికీ తిప్పారని చెప్పిన రిటైరైన పశువైద్య సహాయకుడు వారిలో ఒకరు. అది ఏ ఏడాదిలో జరిగిందో ఈతల పుస్తకాలతో సరిచూస్తున్నాను. తేలినవన్నీ రెండో ముద్రణలో చేరుస్తాము.