భూమి నీడ సముద్రం మీదికి లేచే వేళ

కార్తీక పౌర్ణమికి విశాఖలో ఉండాలని నేనూ మా మేనల్లుడూ నెల ముందే అనుకున్నాం. రాజమండ్రి నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ముందురోజు సాయంత్రం రైలెక్కి రాత్రికి దిగాం. ఒక కెమెరా, ట్రైపాడ్, మూడు బ్యాటరీలు, ఓ పాత తువ్వాలు, అంతే సామాను. టైమ్‌ల్యాప్స్ (కొన్ని సెకన్లకో ఫొటో తీసి, అన్నిటినీ కలిపి వీడియోగా ఆడించడం) తీసేవాడికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు, ఓపిక తప్ప.

తెల్లవారుజామున ఐదింటికల్లా ఆర్కే బీచ్‌లో ఉన్నాం. అప్పటికే స్నానాలు చేసిన ఆడవాళ్ళు ఇసుకలో చేత్తో చిన్న గుంట తీసి, గాలికి ఆరిపోకుండా అందులో దీపం పెడుతున్నారు. గుంట గోడల మీద ఆ వెలుగు పడి, ఇసుకే లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంది. నాలుగు సెకన్లకో ఫ్రేము పెట్టి వదిలేశాను. ఇరవై నిమిషాల తర్వాత చూసుకుంటే మూడు వందల ఫ్రేములూ పొగచూరినట్టు ఉన్నాయి. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడ్డ లెన్స్‌కి బయటి ఉక్క తగిలి ఆవిరి పట్టేసింది. చీకట్లో నేను గమనించలేదు. ప్రాణం ఉసూరుమంది. తువ్వాలుతో తుడిచినా మళ్ళీ పట్టేది. సముద్రం ఊళ్ళో ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని సంచీ జిప్పు తియ్యకుండా అరగంటైనా బయట ఉంచాలి. సూర్యోదయం బాగానే దొరికింది కానీ, ఆ దీపాలు మాత్రం పోయాయి.

మధ్యాహ్నం పడుకుని లేచి, రోప్‌వేలో కైలాసగిరి ఎక్కాం.

పై నుంచి చూస్తే అందరి కళ్ళూ దక్షిణానికే పోతాయి. వంపు తిరిగిన తీరం, నురగ గీత, చివర్న డాల్ఫిన్స్ నోస్ కొండ. ఎవరిని అడిగినా అదే తియ్యమంటారు. మావాడూ అదే అన్నాడు. "మావయ్యా, సూర్యుడు అటేగా దిగేది, ఆ రంగులొదిలేసి ఖాళీ సముద్రం తీస్తావా?"

విశాఖలో సాయంత్రం సముద్రం వైపే చూడాలని నా గట్టి నమ్మకం. ఇక్కడ సూర్యుడు సముద్రంలో పుడతాడు గానీ సముద్రంలో అస్తమించడు, ఊరి వెనక కొండల్లోకి దిగిపోతాడు. అతను దిగుతుంటే తూర్పున భూమి నీడ పైకి లేస్తుంది. నీటి అంచున బూడిద కలిసిన నీలం పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ. ఆ నీలమే మన భూమి నీడ. కంటికి నిలబడిపోయినట్టే ఉంటుంది. టైమ్‌ల్యాప్స్‌లో మాత్రం సముద్రంలోంచి తెర లేచినట్టు లేస్తుంది.

అందుకే కెమెరాని తూర్పుకి తిప్పాను. గాలికి ఊగకుండా ట్రైపాడ్‌కి సంచీ వేలాడదీశాం. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగ్) రెండూ మాన్యువల్‌లో బిగించేశాను. ఆటోలో వదిలితే ఫ్రేము ఫ్రేముకీ రంగు మారి వీడియో మిణుకు మిణుకుమంటుంది. నాలుగు ముప్పావు నుంచి ఆరు ముప్పావు దాకా, నాలుగు సెకన్లకొకటి చొప్పున 1800 ఫ్రేములు. సెకనుకి 25 చొప్పున ఆడిస్తే 72 సెకన్లు. చీకటి పడేకొద్దీ షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. చేత్తో ముట్టుకుంటే ఫ్రేము కదిలిపోతుంది కాబట్టి ఆ పని ఫోన్‌లోంచి చేశాం.

పల్లీలు అమ్మే పెద్దాయన వచ్చి పక్కనే నిలబడ్డాడు. "ఏటి బాబూ, ఇంతసేపు ఒక్కచోటకే చూస్తున్నారు?" అన్నాడు. చంద్రుడి కోసమని చెప్పాను. "రుషికొండ పక్కనుంచి వస్తాడు, కాసేపాగండి" అని రెండు పొట్లాలు చేతిలో పెట్టాడు.

అన్నట్టే వచ్చాడు. ఐదున్నర దాటాక రుషికొండకు కాస్త కుడిగా, ఆ నీలం పట్టీలో, ముందు ఇటుక రంగు మరకలా కనిపించాడు. చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండే నిమిషాలు పడుతుంది. చూస్తుండగానే నీటిని వదిలాడు. గులాబీ రంగు అతని మీదుగా పైకి జరిగి కరిగిపోయింది. మా మేనల్లుడు ఫోన్ సంగతి మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. షట్టర్ మార్చమని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

కిందికి దిగి బీచ్‌లో మురీ మిక్చర్ తిని గదికి చేరాం. ఫ్రేములన్నీ లాప్‌టాప్‌లో వేసి వీడియో కట్టేసరికి పదకొండు దాటింది. రెండోసారి ఆడిస్తున్నప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని "మావయ్యా, చంద్రుణ్ణి కాదు, ఓడల్ని చూడు" అన్నాడు.

రేవులోకి పిలుపు కోసం లంగరు వేసి ఉన్న ఓడలవి. కొండ మీద ఉన్నంతసేపూ బొమ్మల్లా కదలకుండా కనిపించాయి. వీడియోలో అవన్నీ గుంజకి కట్టిన ఎడ్లలా, గాలికీ ప్రవాహానికీ ఒకేసారి నెమ్మదిగా ముఖాలు తిప్పుకుంటున్నాయి. లైట్లు వెలిగాక వాటి వరుస కూడా వాటితోపాటే తిరిగింది. ఒక్క ఓడ మాత్రం తిరగలేదు. చంద్రుడు నీటిని వదిలే సమయానికే అది లంగరెత్తి, ఫ్రేము కుడి అంచు దాటి రేవు వైపు వెళ్ళిపోయింది. రెండు గంటలూ అక్కడే నిలబడి ఉన్నాం, అది వెళ్ళడం మా ఇద్దరిలో ఎవరం చూడలేదు.