గుత్తిలో ఒక పూట

ఏడున్నరకు అనంతపురంలో బస్సెక్కి గుత్తిలో దిగాం, నేనూ మా మేనత్తా. కోట చూడాలని నాకు, రైల్వే స్టేషన్ చూడాలని ఆమెకు. ఉగ్గాని బజ్జి తిని, ఎండ ముదరకముందే కోట దగ్గరికి పోయాం. డెబ్బై ఆరేళ్ల మనిషి, మెట్ల మొదట్లోనే "నువ్వు పోయి రా అల్లుడా" అని చెట్టు నీడన కూర్చుండిపోయింది.

పైన బండ అంచున, ఒకప్పుడు గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునే చిన్న మంటపం ఉంది. అక్కడి గాలికి మనిషి నిలబడలేడు. 1776లో హైదర్ అలీ ముట్టడిలో కోటలో నీళ్లయిపోయి మురారిరావు లొంగిపోయాడు. ఆయన్ని కబ్బాళదుర్గంలో ఖైదు చేశారు, అక్కడే పోయాడు. దిగొచ్చి ఇదంతా చెబితే అత్త ఒకటే అడిగింది: "మరి ఆయన పెండ్లాం?"

నేను నీళ్లు నమిలాను.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాక తన తల్లి, అంటే మా జేజి కథ ఎత్తుకుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయినప్పుడు జపాన్‌వాళ్లకు చిక్కిన 40 వేలకు పైగా మన సిపాయిల్లో మా తాత ఒకడు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరనివాళ్లను వేలల్లో ఓడలెక్కించి న్యూ గినీ వైపు దీవులకు కూలికి తోలారు. తాత రబౌల్‌లో పడ్డాడు. ఇంటికొచ్చింది మాత్రం ఆచూకీ లేదన్న తంతి ఒక్కటే. బంధువులు గాజులు తీయమంటే జేజి "పీనుగును చూపించండి, తీస్తా" అనిందంట. సంతలో నెయ్యి అమ్మిన రోజల్లా ఈ ప్లాట్‌ఫారం మీదే మద్రాసు మెయిల్ పోయేదాకా కూర్చునేదంట.

1945 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా సైన్యం వచ్చాక రబౌల్ ఖైదీలకు విడుదల. తాత రైలు దిగిన రోజున జేజి స్టేషన్‌లోనే లేదు! ఇంట్లో జొన్నలు విసురుతోంది. వాకిట్లో ఎముకల గూడులా నిలబడ్డ మనిషిని చూసి "ఎవరప్పా?" అనిందంట.

అక్కడ గెనుసుగడ్డలు పండించుకుని, అవే తిని బతికాడు తాత. తర్వాత ఆ వాసనకే కడుపులో తిప్పేది. శివరాత్రికి ఊరంతా ఉడకబెట్టుకున్నా మా ఇంట్లో ఉండేవి కావు. జేజికేమో అవంటే ప్రాణం. పుట్టింటికి పోయినప్పుడే తినేది, నోరు బాగా పుక్కిలించుకుని గానీ తిరుగు బస్సెక్కేది కాదు.

బస్టాండు బయట తోపుడు బండి మీద ఉడికిన గెనుసుగడ్డలు పొగలు కక్కుతున్నాయి. అత్త బేరమాడి రెండు కొనింది. తొక్క తీసి ఒకటి నాకిచ్చి, రెండోది తను తినింది. బస్సు కదిలే ముందు సీసా మూత తిప్పి, కిటికీలోంచి నోరు పుక్కిలించింది.