మరిది చెప్పిన బీరు కొట్టు

టొరంటో దగ్గర ఉండే మా మరిది వచ్చాడు. భోజనాలయ్యాక అక్కడి సంగతులు చెబుతుంటే బీరు కొట్ల మాట వచ్చింది. మన బీరు మనమే కాచుకునే కొట్లట. కెనడాలో వాళ్లుండే ఒంటారియో రాష్ట్రంలో 1980ల నుంచీ ఉన్నాయట.

"ఎలా ఉంటుందిరా ఆ బీరు?" అని మా ఆయన అడిగారు.

"ఓ మోస్తరుగా ఉంటుంది అన్నయ్యా. కొన్న బీరే బాగుంటుంది" అన్నాడు.

మరి జనం ఎందుకు వెళ్తారు? సాయంత్రం దాకా నాకు ఇదే ధ్యాస.

కొట్లో పెద్ద పెద్ద కాగులుంటాయి. మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకం, చేదు కోసం హాప్స్ అనే పువ్వులు వేసి గంటసేపు మరిగిస్తారు. చల్లారాక, దాన్ని పులియబెట్టే ఈస్ట్ మాత్రం వచ్చినవాళ్లే తమ చేత్తో వెయ్యాలి. అక్కడి రూలే అంత. కొట్టువాడు బీరు అమ్మడు. సరుకులిస్తాడు, చోటిస్తాడు. అందుకే దుకాణంలో బీరు మీద పడే పన్నులు చాలావరకు దీని మీద పడవు, చవగ్గా వస్తుంది. సొంత వాడకానికే, అమ్మకూడదు. రెండు వారాలయ్యాక మళ్లీ వెళ్లి సీసాల్లో పట్టుకోవాలి. ఒక విడతకి 50 లీటర్ల దాకా వస్తుంది. అక్కడి సీసా 341 మిల్లీలీటర్లు, అంటే 140కి పైనే సీసాలు! లాగర్ అనే రకం బీరు చల్లటి చోట వారాల తరబడి ఊరితేనే బాగుంటుందట. రెండు వారాల్లో చేతికిస్తే ఓ మోస్తరుగా కాక ఇంకెలా ఉంటుంది?

ఫోన్‌లో సీసా ఫొటో చూపించాడు. లేబుల్ మీద 'గుంటూరు ఘాటు' అని తెలుగులో ప్రింటు. ఒక మూల ముడత పడి, కొంచెం వంకరగా అంటుకుంది. "నేనే అంటించా వదినా" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూశాక నాకు విషయం అర్థమైంది. తన చేత్తో కాచింది కాబట్టి బాగోలేదని ఎవరికీ ఫిర్యాదు చెయ్యడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ పోస్తాడు. పైగా సీసాలు పట్టుకోవడానికి వెళ్లిన రోజే స్నేహితులతో కలిసి ఇంకో విడత మొదలుపెట్టి వస్తాడట.

కొట్టువాడి అసలు పనితనం శుభ్రంలో ఉందని నా నమ్మకం. గొట్టాలు, డ్రమ్ములు సరిగ్గా కడక్కపోతే మొత్తం పులిసిపోతుంది. ఆ చాకిరీ అంతా వాడిది, పేరు మాత్రం వచ్చినవాళ్లది.

మన దగ్గర లైసెన్సు లేకుండా బీరు కాస్తే కేసే. కానీ నేను ఏటా ఆవకాయ పెట్టి అమ్ముతా. ఎవరి ఆవకాయ వాళ్లు కలుపుకోవడానికి ఆ ఇబ్బంది లేదు కదా! ఉప్పెక్కువైందనో, నూనె తక్కువైందనో ప్రతి వేసవీ ఫోన్లొస్తాయి, మనసు చివుక్కుమంటుంది. కాయలు కొట్టించడం, జీడీ పొరా తీసి ముక్కలు తుడవడం, ఆవపిండి ఆడించడం నేను చూసుకుంటా. తడి తగిలితే జాడీ మొత్తం బూజు పడుతుంది, కాబట్టి ఆ భాగం ఎవరికీ వదలను. కారం, ఉప్పు, నువ్వుల నూనె కొలిచి ముందుపెడితే కొనేవాళ్లే కలుపుకుంటారు. మూడో రోజు తిరగకలపడానికి ఎలాగూ మళ్లీ రావాలి. అప్పుడు మాగాయ మాటెత్తొచ్చు.

మా ఆయనకి చెబితే, వరండా ఖాళీ చేసిస్తానన్నారు. ముందు గుంటూరులో మా బ్రాడీపేట వీధిలో తెలిసినవాళ్లని పిలుస్తా. రేటు కిలో లెక్కన కాకుండా జాడీ లెక్కన పెడదామనుకుంటున్నా. రేపు జాడీల ధర కనుక్కోవాలి.