అర ఎకరం చెల్కలో పర్మాకల్చర్: మొదటి వానాకాలం అప్‌డేట్

పర్మాకల్చర్ అంటే ఆర్గానిక్ వ్యవసాయమే కదా, జీవామృతం (పేడ, ఆవు మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) పోస్తే అయిపోతుంది కదా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నా. రెండూ వేరు. జీవామృతం మంచిదే, నేనూ పోస్తున్నా, కానీ పంటకి ఏం పెట్టాలి అన్నదానికే అది జవాబు. పర్మాకల్చర్‌లో దానికంటే ముందు వేరే సంగతి తేల్చుకోవాలి. ఏది ఎక్కడ ఉండాలి, దేని పక్కన ఏది ఉండాలి, ఈ నేల మీద పడ్డ వాన, రాలిన ఆకు, పేడ, ఎండ ఇవన్నీ ఎటు పోతున్నాయి, బయటికి పోయేలోపు ఇక్కడే ఎన్నిసార్లు వాడుకోవచ్చు. నాటడం ఆ తర్వాతే.

ఈ ఆలోచనకి ఒక రూపం ఇచ్చింది ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో బిల్ మోలిసన్, ఆయన దగ్గర చదువుకున్న డేవిడ్ హోమ్‌గ్రెన్, 1970ల్లో. 1978లో ఇద్దరూ కలిసి మొదటి పుస్తకం వేశారు. అప్పటికి 1973 ఆయిల్ సంక్షోభం అందరికీ గుర్తుంది, డీజిల్, ఎరువులు, మందులు బయటినుంచి రాకపోతే ఈ పొలాల గతేంటి అని వాళ్ళు ఆలోచించారు. నేలని చూసుకో, మనుషుల్ని చూసుకో, మిగిలింది పంచు అనే మూడు నీతులు పెట్టుకుని వాటి మీద డిజైన్ కట్టారు. మన దగ్గర నర్సన్న, పద్మ కొప్పుల దంపతులు 1999లో అరణ్య సంస్థ పెట్టి జహీరాబాద్ ప్రాంతంలో ఎన్నో ఏళ్ళుగా దీన్ని చేసి చూపిస్తున్నారు, 2017లో పర్మాకల్చర్ వాళ్ళ అంతర్జాతీయ సమావేశం హైదరాబాద్‌లో జరిగింది కూడా. కాబట్టి ఇది మన ఎండకి, మన నేలకి పనిచేస్తుందా అనే డౌట్ ఎవరికైనా ఉంటే జహీరాబాద్ వైపు వచ్చి చూసుకోవచ్చు.

నా భూమి కూడా అటువైపే. ఇరవై గుంటలు, ఎర్ర చెల్క (ఇసుక కలిసిన ఎర్ర నేల), అడుగున్నర తవ్వితే మొరం. ఉత్తరం నుంచి దక్షిణానికి వాలు, దక్షిణం మూలన చిన్న ఒర్రె, అంటే వాగు. ఏళ్ళ తరబడి పత్తి తప్ప ఇంకోటి వెయ్యలేదు ఇందులో. బోరు లేదు, పక్క చేను ఆయన, మేం కాక (బాబాయి) అంటాం, ఆయన బోరు నుంచి డ్రమ్ముల్లో తెచ్చుకోవడమే, అందుకే అన్నిటికంటే ముందు నీళ్ళు.

లెక్క చాలా సింపుల్. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అర ఎకరం అంటే దాదాపు 2000 చదరపు మీటర్లు, అంటే ఒక్క 20 మిల్లీమీటర్ల వాన పడితే 40,000 లీటర్లు నా చేను మీద పడుతున్నట్టు. ఇక్కడ వానలు మెల్లగా పడవు, గంటలో దంచి పోతాయి, గట్టిపడ్డ చెల్క ఆ స్పీడ్‌లో పీల్చుకోలేదు, నీళ్ళు పైమట్టిని కూడా తీసుకుని ఒర్రెలో పడి పోతాయి. నెల తర్వాత మళ్ళీ మనమే ట్యాంకర్ కోసం ఫోన్ చేస్తాం. నాకు ఇదంతా ఎందుకు ముఖ్యం అని అడిగితే మొదట చెప్పేది ఇదే.

సో ఎండాకాలంలో చేసిన పని కాంటూర్ గీతలు పట్టడం, అంటే వాలుకి అడ్డంగా ఒకే ఎత్తులో ఉన్న గీత. దీనికి సర్వేయర్ అక్కర్లేదు. ఏడడుగుల వెదురు కర్రలు రెండు పైన కలిపి కట్టి, కాళ్ళు విడదీసి, మధ్యలో ఒక అడ్డకర్ర, పైనుంచి తాడుకి ఒక రాయి. కాళ్ళు ఎక్కడ ఆనాయో గుర్తు పెట్టుకుని, తాడు అడ్డకర్రని తాకిన చోట గీత గీయండి, తర్వాత కాళ్ళు అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలబెట్టి మళ్ళీ గీయండి, ఆ రెండు గీతలకి సరిగ్గా నడుమ ఉండేదే లెవెల్. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి రెండో కాలు తిప్పుతూ తాడు ఆ గుర్తు మీదికి వచ్చినప్పుడల్లా సున్నం చల్లుకుంటూ పోవడమే. గాలి లేనప్పుడు చెయ్యండి, పొద్దున్నే అయితే బెస్ట్, రాయి ఊగుతుంటే చిరాకు.

అలా మూడు గీతలు వచ్చాయి, ఒక్కోటి ముప్పై మీటర్ల దాకా. గీత వెంబడి రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకం, తవ్విన మట్టి అంతా కింది వైపే కట్టగా వేశాం. పక్కలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మీటరుకి 200 లీటర్లు వేసుకోండి, మూడు కందకాలూ ఒకసారి నిండితే 18,000 లీటర్లు. ప్రతి కందకానికీ ఒక చివర, కట్ట కంటే జానెడు తక్కువ ఎత్తులో రాళ్ళు పరిచి అలుగు వదిలాను, ఇది మాత్రం ఎవరూ మానెయ్యొద్దు, పెద్ద వానకి నీళ్ళు మనం చెప్పిన చోటు నుంచి దిగాలి, లేకపోతే కట్ట తెంపుకుని దిగుతాయి. ఖర్చంతా కూలీలదే, మొత్తం పది వేలలోపు.

తవ్వే ముందు ఒక టెస్ట్: అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి, మళ్ళీ నింపి ఎంతసేపట్లో ఇంకుతుందో చూడండి. మరుసటి రోజుకి కూడా నిలబడే ఉంటే అక్కడ ఈ కందకాలు వద్దు. నల్లరేగడి వాళ్ళు ముఖ్యంగా జాగ్రత్త, అక్కడ నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి.

రోహిణి కార్తె అయిపోయేలోపు తవ్వకం ముగించి, మృగశిరలో మొదటి వాన పడగానే కట్ట మీద కంది గింజలు, అవిసె చెట్టు గింజలు వేశాం, మట్టి కారిపోకుండా ముందు అవే పట్టుకోవాలి. మధ్యమధ్యలో మూడడుగుల గ్లిరిసిడియా (పచ్చిరొట్ట ఎరువుకి పెంచే చెట్టు) కట్టెలు నాటాం. పచ్చి రెమ్మలు కాదు, బొటనవేలి కంటే లావున్న ముదురు కట్టెలు తీసుకోవాలి, అలవాటు లేని మేకలు దాన్ని ముట్టవు కాబట్టి కంచె లేని నా చేనుకి అది పెద్ద ప్లస్. కట్టకి దిగువన జామ, సీతాఫలం, మునగ, నిమ్మ.

ప్రతి జామ మొక్క పక్కన ఒక కంది, చుట్టూ బొబ్బర్లు. కంది ఎండ నుంచి కాస్త నీడ ఇస్తుంది, దాని వేర్లు నత్రజని పట్టుకుంటాయి, లోతుకి పోయి గట్టి నేలని వదులు చేస్తాయి, చివరికి పప్పూ కట్టెపుల్లలూ ఇస్తుంది. బొబ్బర తీగ నేలని కప్పుతుంది, కాయ కూరకి, తీగ పశువులకి. ఒక్క మొక్కతో నాలుగు పనులు, ఒక్క పనికి నాలుగు మొక్కలు, డిజైన్ అంటే నాకు అర్థమైంది ఇదే. నిజానికి ఈ ప్రాంతంలో ఆడవాళ్ళు ఒకే చేన్లో జొన్న, కంది, అనుములు, కొర్ర, నువ్వులు అన్నీ కలిపి పదిహేను ఇరవై రకాల దాకా వేస్తూనే వచ్చారు, ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుందని. పత్తి వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. యూరియా తయారవ్వాలంటే గ్యాస్ కావాలి, పొటాష్ దాదాపు మొత్తం బయటి దేశాల నుంచే రావాలి, ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ బస్తా దొరకదు. ఒకే పంట, ఒకే కొనుగోలుదారు, బస్తా మీద బతుకు, ఇందులో రైతు చేతిలో ఏముందో చెప్పండి.

జోన్ల గురించి క్లుప్తంగా. రోజూ వెళ్ళే చోటు దగ్గర రోజూ కావాల్సినవి, ఎప్పుడో వెళ్ళే చోట తమంతట అవి బతికేవి. షెడ్డు పక్కనే కరివేపాకు, ఆకుకూరలు, చేతులు కడుక్కునే నీళ్ళు పోయే చోట అరటి. పొలం లేనివాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు, అంట్లు తోమిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తే చాలు (డిటర్జెంట్ ఎక్కువ వాడే నీళ్ళు వద్దు). ఒర్రె పక్కన రెండు గుంటల నేల మాత్రం ఏమీ ముట్టుకోలేదు. అక్కడ తంగేడు, రేల ఉన్నాయి, తంగేడు పూసినప్పుడు తేనెటీగలు అక్కడికే వస్తాయి, నా మునగకి అవే కావాలి, కందికీ మంచిదే.

ఇప్పటిదాకా కనిపించిన తేడా. మొదటి పెద్ద వానకి మూడూ నిండాయి, మరుసటి సాయంత్రానికి ఇంకిపోయాయి. కాక వచ్చి చూసి "నీళ్ళు ఇన్నేండ్ల నుంచి ఆ ఒర్రెలనే పోతుండె బిడ్డా, ఇప్పుడు ఆగినయి" అన్నాడు, ఆయన కూడా వచ్చే ఎండాకాలం ఒక గీత తవ్విస్తా అంటున్నాడు, ఆ మాటకి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆగస్టులో వానలు ఆగినప్పుడు పై కందకానికి ఎగువన ఉన్న కంది మధ్యాహ్నం వాడిపోయేది, కందకానికి దిగువది నిలబడింది. అక్కడ జానెడు లోతు మట్టి తీసి పిడికిలి బిగిస్తే ముద్ద కట్టింది, ఎగువన పొడిపొడిగా రాలింది. పంట డబ్బుల గురించి ఇప్పుడే మాట్లాడను, మొదటి ఏడాది ఇది సంపాదించే పని కాదు, పండ్లు రావడానికి మూడేళ్ళు పడుతుంది, అంతదాకా కంది, జొన్న, బొబ్బర్లతోనే నడవాలి.

మల్చింగ్, అంటే మొక్క చుట్టూ నేలని కప్పడం గురించి కూడా: జొన్న చొప్ప, ఎండాకు నాలుగు వేళ్ళ మందం వేశాం, కానీ మొదలుకి బెత్తెడు దూరం వదలాలి, ఎర్ర నేలలో చెదలు ఎక్కువ, మొదలుకి ఆనించి వేస్తే లేత బెరడు కూడా తినేస్తాయి. కందకాల్లో పూడిన మట్టి యాసంగిలో తీసి మళ్ళీ చెట్ల మొదట్లోనే వేస్తాం, అది ఒర్రెలోకి పోవాల్సిన పైమట్టే. గ్లిరిసిడియా కట్టెలు కావాలని అడిగినవాళ్ళు ఇంకో ఏడాది ఆగాలి, నావి ఇంకా లేతగా ఉన్నాయి. అంత ఆగలేకపోతే పాత పొలం గట్ల మీద వెతకండి, చాలాచోట్ల ఉంటుంది, మే చివర్లో కోసి వారం లోపే నాటెయ్యండి, నీడలో పెడితే అంతవరకు ఆరిపోవు.